గుంటూరు గ్రహణము

హీలియ మను మూలవాయువు మన గుంటూరులోనే కనుగొనబడినదని మనవారు సభలలో చెప్పుకొనుచుందురు, పిల్లలచే వల్లింపజేయుదురు, గ్రహణము వచ్చినప్పుడెల్ల అచ్చు వేయుచుందురు. ఈ మాటలో సగమే నిజము. ఆ నిజమైన సగమును విడిచి, కాని సగమును పట్టుకొని గర్వించుట మనకు వాడుక యైనది. 1868వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీన గుంటూరులో జరిగినది ఒక వాయువును కనుగొనుటకంటె చిన్నకార్యము కాదు, ఒకవిధమున పెద్దదియే. దానిని ఉన్నది యున్నట్లు తెలిసికొన్నచో మనకు గర్వించుటకు తగిన కారణమును దొరకును, కొంత సిగ్గుపడుటకు తగిన కారణమును దొరకును. ఆ రెంటిని పాఠకుల యెదుట నుంచగోరుచున్నాము.

ఆ గ్రహణము సామాన్యమైనది కాదు. చంద్రుడు భూమికి మిక్కిలి చేరువగా నుండుటచే సూర్యబింబము పూర్తిగా మరుగుపడిన కాలము, శ్యాముదేశపు సముద్రముమీద, 6 నిమిషముల 47 సెకనులవరకు సాగెను. చంద్రుని నీడ ఏడెన్ రేవుమీదుగా అరేబియా సముద్రమును దాటి, జమఖండి, బిజాపురములమీదుగా వచ్చి, పాలమూరుసీమలోని వనపర్తిని, తరువాత గుంటూరును, బందరును కప్పి బంగాళాఖాతమున దిగెను. శ్యామురాజగు మోంగ్‌కుట్ తానే గణితము వేసి, గ్రహణము నిండుగా కనబడు తావు నిర్ణయించి, పరదేశపు అతిథులను వెంటబెట్టుకొని ఆ అడవిప్రాంతమునకు పోయి చూచెను. గణితము సరిపోయెను, కాని అక్కడ పట్టిన మలేరియా జ్వరము విడువక, అక్టోబరు 1వ తేదీన ఆయన మరణించెను.

తెలుగునేలమీద ఆనాడు మూడు ఊళ్లలో జ్యోతిశ్శాస్త్రజ్ఞులు మకాము వేసిరి. గుంటూరులో ఇంజనీరుదళమునకు చెందిన మేజరు టెన్నెంటు ఛాయాచిత్రయంత్రములతో నుండెను. ఆ యూరనే, పారిసునుండి సముద్రముమీద మద్రాసు చేరి అచ్చటినుండి వచ్చిన పియేర్ జాన్సెన్, ఒక ఫ్రెంచివర్తకుని యింట బస చేసి తన పరికరములను అమర్చుకొనెను. బందరులో మద్రాసు నక్షత్రశాలకు అధిపతియగు నార్మన్ పోగ్‌సన్ నిలిచెను. అదే నక్షత్రశాలవారు వనపర్తిలో రెండవ జట్టును నిలిపిరి. దానికి నాయకుడు తెల్లదొర కాడు, చింతామణి రఘునాథాచారి. ఈ పేరును పాఠకులు జ్ఞాపకమం దుంచుకొందురుగాక; దానివద్దకు మరల వత్తుము.

ఇందరు ఇంతదూరము వచ్చి చూడదలచిన దేమి? సంపూర్ణగ్రహణకాలమున సూర్యుని అంచున ఎర్రని నాలుకలవంటివి లేచి కనబడునని అంతకుముందే తెలియును. అవి సూర్యునివా, చంద్రునివా యని కొంతకాలము వాదము నడిచి, 1860వ సంవత్సరపు గ్రహణమున తీసిన ఛాయాచిత్రములచే సూర్యునివే యని తేలెను. కాని అవి దేనితో నేర్పడినవి? పదునైదుకోట్ల కిలోమీటర్ల దూరమున నున్న వస్తువును చేతబట్టి పరీక్షించు ఉపాయ మెట్లు కలుగును? నక్షత్రముల రసాయనతత్త్వము మానవున కెన్నటికిని తెలియరాదని ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్టు కోంతు 1835లోనే తీర్పు చెప్పియుండెను. పండితులు ‘ఎన్నటికిని’ అను మాట వాడునపుడు కొంచెము వెనుకముందు చూచుకొనవలెను. ఆయన 1857లో మరణించెను. 1859లో ఉపాయము దొరకెను.

ఆ ఉపాయపు మొదలు మన వంటయింటిలోనే కలదు. నీలిమంట వెలుగుచున్న పొయ్యిమీద చిటికెడు ఉప్పు రాల్చిచూడుడు. మంట పసుపువన్నె తాల్చును. ఆ పసుపు ఉప్పులోని సోడియమునకు సొంతము. ఏ మూలపదార్థమునైనను వాయురూపమున వెలిగించి, ఆ వెలుగును గాజుపట్టకముగుండ చీల్చి చూచినచో, కొన్ని నియతస్థానములందే సన్నని రేఖలు మెరయును. దస్తావేజుమీది వేలిముద్రవలె ఆ రేఖలు ఆ పదార్థమునకే చెల్లును. ఒకదాని ముద్ర మరియొకదానికి పడదు. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ 1814 ప్రాంతమున సూర్యకాంతిలో వందలకొలది నల్లగీతలను లెక్కించి పటము గీసెను గాని, అవి యేమో చెప్పలేకపోయెను. కిర్కాఫ్, బున్సెను అను నిరువురు 1859లో ఆ గీతలకు అర్థము చెప్పిరి. నాటినుండి వెలుగు ఒక ఉత్తరమైనది. చదువనేర్చినవానికి అందు పంపినవాని ఊరును పేరును కనబడుచున్నవి.

ఈ క్రొత్తవిద్యకు దొరకిన మొదటి గొప్ప అవకాశము 1868 నాటి గ్రహణము. ఆ ఉదయమున గుంటూరుమీద ఐదు నిమిషములకు పైగా చీకటి కమ్మియుండగా, జాన్సెన్ తన వర్ణపటదర్శినిని సూర్యుని అంచున లేచిన యొక మహాజ్వాలకు గురిపెట్టెను. ఆ జ్వాల యెత్తు మన భూమి అడ్డుకొలతకు సుమారు పదింతలు. అందు ఇంద్రధనుస్సువలె నిండుపట్టె కనబడలేదు. చీకటినేలమీద వేరువేరుగా మెరయు రేఖలు కొన్ని కనబడినవి. కావున అది గట్టివస్తువు కాదు, వెలుగుచున్న వాయువు. అందు ముఖ్యమైనది ఉదజని. ఇంతవరకు ఇతరస్థలములవారును చూచిరి. జాన్సెనునకు మాత్రము చీకటి విడకముందే ఇంకొక యూహ తట్టెను: రేఖ లింత కాంతివంతములైనప్పుడు గ్రహణముతో పని యేమి? ఆ దినమున గ్రహణము విడిచినపిదప మబ్బు కమ్మి పరీక్షకు వీలుపడలేదు. మరునాడు, ఆగష్టు 19వ తేదీ ఉదయమున, నిండువెలుగులో సూర్యుని అంచును పట్టి చూడగా ఆ రేఖలు మరల కనబడినవి. సెప్టెంబరు 4వ తేదీవరకు, పదునేడు దినములు, ఆయన గుంటూరులో కూర్చుండి గ్రహణము లేకయే సూర్యజ్వాలల ఆకారములను దినదినము పరీక్షించెను. భూమిమీద ఆ పని జరిగిన మొదటి యూరు గుంటూరు.

ఇది యెట్లు సాధ్యమైనదో తెలియనిదే దీని ఘనత తెలియదు. పగటివేళ ఆ జ్వాలలు కనబడకుండుట వానికి వెలుగు లేక కాదు. చుట్టునున్న ఆకాశము వానిని మించి వెలుగుటవలన. ఆకాశపు వెలుగులో అన్నివన్నెలును కలవు. దానిని పట్టకముతో చీల్చి సాగదీసినకొలది అది పలుచబడును. జ్వాలల వెలుగు నాలుగైదు రేఖలలోనే గుమిగూడియున్నది. ఎంత సాగదీసినను రేఖ రేఖగనే నిలుచును. కళ్లములో ధాన్యపురాశియందు కలిసిన గులకరాళ్లు రాశిగా నున్నంతవరకు కంటబడవు. రాశిని కళ్లమంతట పలుచగా నెరపినచో గింజలు పలుచనగును, రాళ్లు బయటపడును. జాన్సెన్ చేసినదంతయు నిదియే. చంద్రుడు వచ్చి అడ్డు నిలుచువరకు ఏండ్లతరబడి కాచుకొని, సముద్రములు దాటి, నాలుగైదు నిమిషములలో ముగించుకొనవలసిన పని, ఎండ కాచిన ప్రతిదినమును ఇంటివద్దనే చేయదగిన పని యైనది.

లండనులో యుద్ధశాఖయందు గుమాస్తాగా నున్న నార్మన్ లాక్యర్, ఓడ యెక్కకయే, ఇదే యుపాయమును తనంతట నూహించియుండెను. చేయ నిచ్చిన యంత్రము ఆలస్యముగా చేతికి రాగా, అక్టోబరు 20వ తేదీన ఆయనయు గ్రహణము లేకయే ఆ రేఖలను చూచెను. జాన్సెన్ కాకినాడనుండి వ్రాసిన ఉత్తరమును, లాక్యర్ ఉత్తరమును పారిసులోని శాస్త్రపరిషత్తునకు అక్టోబరు 26న ఒకేదినమున అందినవి. పరిషత్తువారు ముందెవరు, వెనుకెవరు అని తగవు పెంచక, ఇద్దరి ముఖములను ఒకే పతకముమీద ముద్రింపించిరి. మన పరిషత్తులవారు గమనింపదగిన విషయ మిది.

ఇక హీలియముమాట. ఆ రేఖలలో పసుపువన్నెగల దొకటి యుండెను. చూచినవారు పెక్కురు దానిని సోడియపు రేఖగనే తలచిరి. అది క్రొత్త మూలపదార్థమని జాన్సెన్ గుంటూరులో చెప్పిన దాఖలా యేదియు లేదు. ఆ రేఖ సోడియపు జంటరేఖలప్రక్కన ఉన్నదే గాని వానితో కలియుట లేదని ఓపికతో కొలిచి, దానికి వేరు యజమానుడు కలడని పట్టుపట్టినవాడు లాక్యర్. నేటి కొలతలలో సోడియపు రేఖలు 589.0, 589.6 నానోమీటర్లవద్దను, ఈ రేఖ 587.6వద్దను ఉండును. భేదము వేయింట రెండు మూడు పాళ్లు. భూమిమీద ఏ పదార్థమునకును చెల్లని ముద్ర గనుక ఇది సూర్యునియందలి పదార్థమై యుండునని, గ్రీకుభాషలో సూర్యుని పేరగు ‘హీలియోస్’ నుండి దానికి పేరు తీసిరి. 1871 నాటికి ఆ పేరు శాస్త్రజ్ఞుల సభలో వినబడెను. పెక్కురు నమ్మలేదు. వారి నాక్షేపింప రాదు. ఒక్క గీతను చూచి ఒక పదార్థమున్నదనుట సాహసమే గదా. కావున గుంటూరులో దొరకినది వాయువు కాదు, మార్గము. మార్గము దొరకిన యూరు వస్తువు దొరకిన యూరికంటె తక్కువదని మే మనుకొనము.

సూర్యునియందు మాత్రమే యున్నదనుకొన్న ఆ పదార్థము 27 సంవత్సరములకు రాతిలోనుండి బయటపడెను. 1895లో లండనులో విలియం రామ్‌సే, యురేనియముగల క్లీవైటు అను ఖనిజమును ఆమ్లములో వేసి, వెడలిన వాయువును వెలిగించి చూడగా అదే పసుపురేఖ మెరసెను. రాతిలోని కది యెట్లు చేరినది? యురేనియము, రేడియము మొదలగునవి తమంతట తాము శిథిలమగుచు వెడలగ్రక్కు ఆల్ఫాకణము హీలియపు పరమాణువుయొక్క గర్భమే యని రూథర్‌ఫర్డును రాయిడ్సును 1908లో నిరూపించిరి. అనగా భూగర్భమందలి హీలియము కోట్ల సంవత్సరములుగా పరమాణువులు చితికి చేరిన నిలువ.

మరి సూర్యునియం దది యంత సమృద్ధిగా నుండగా, ఫ్రౌన్‌హోఫర్ గీచిన నల్లగీతలలో దాని గీత ఏల లేదు? ఈ సందేహము తీర్చు తాళపుచెవి 1920లో కలకత్తావాడగు మేఘనాథ సాహాచేతికి దొరకెను. ఒక పదార్థ మెంత యున్నదనుట ఒక ప్రశ్న. దాని రేఖ కనబడుటకు తగిన వేడిమి యున్నదా యనుట వేరొక ప్రశ్న. సూర్యుని పైతలము సుమారు 5,500 డిగ్రీల వేడిమిగలది. హీలియపు పరమాణువును కదలించుట కది చాలదు. పైతలమునకు మీదనున్న పలుచని పొరలో వేడిమి హెచ్చు. అక్కడ మాత్రమే అది నోరు విప్పును. గ్రహణకాలమున కనబడునది ఆ పొరయే. సాహా సమీకరణమును చేతబట్టి, 1925లో సిసిలియా పేయిన్ అను యువతి నక్షత్రములలో అత్యధికభాగము ఉదజనియు హీలియమునే యని లెక్క తేల్చెను. అది నమ్మదగినది కాదని పెద్దలు ఆమెచేతనే వ్రాయించిరి. నాలుగేండ్లకు తామే యొప్పుకొనిరి.

సూర్యుని బరువులో సుమారు నాలుగవపాలు హీలియము. సూర్యగర్భమున ప్రతి సెకనునకు సుమారు 60 కోట్ల టన్నుల ఉదజని హీలియముగా మారుచున్నది. అట్లు మారునపుడు సుమారు 40 లక్షల టన్నుల బరువు తరిగి వెలుగగుచున్నది. మన చేలలో కంకి ముదురుట ఆ తరుగుచేతనే. ఇంతకంటె విచిత్రమైనది మరియొకటి కలదు. విశ్వమందలి హీలియములో అధికభాగము నక్షత్రములలో పుట్టినది కాదు. సుమారు 1,380 కోట్ల సంవత్సరములక్రిందట, విశ్వారంభమున, మొదటి కొన్ని నిమిషములలోనే పుట్టినది. గుంటూరున మెరసిన ఆ పసుపురేఖ సూర్యునికంటె పాతదగు వస్తువు చేవ్రాలు.

ఇందువలన నేమి ప్రయోజనమని అడుగువారును కలరు. 1908 జూలై 10వ తేదీన హాలెండులోని లైడెను నగరమున కామర్లింగ్ ఓనెస్ హీలియమును ద్రవముగా మార్చెను. ఆ ద్రవపు చల్లదనము సున్నకు దిగువ 269 డిగ్రీలు. ఆ చలిలో కొన్ని లోహములు విద్యుత్తును ఏ యడ్డును లేక ప్రవహింపనిచ్చునని 1911లో ఆయనయే కనుగొనెను. నేడు గుంటూరు, బెజవాడ వైద్యశాలలలో రోగిని గొట్టములో పరుండబెట్టి మెదడును వెన్నెముకను చిత్రించు పెద్ద అయస్కాంతయంత్రములలో అధికభాగము ద్రవహీలియముచేతనే చల్లబడి పనిచేయుచున్నవి. మన దేశము తనకు కావలసిన హీలియమును దాదాపు అంతయు పరదేశములనుండియే కొనుచున్నది. గాలిలోనికి విడిచిన హీలియము తేలికదనముచే పైకి పోయి, క్రమముగా ఆకాశమున కలిసిపోవును. మరల పట్టుట దుర్లభము. పెండ్లిపందిళ్లలో బుడగలకు నింపి విడుచువా రీసంగతి యెరిగిన బాగుండును.

ఇప్పుడు వనపర్తికి వత్తము. రఘునాథాచారి మద్రాసు నక్షత్రశాలలో పనిచేసి ప్రథమసహాయకుడైనవాడు. 1867లో దక్షిణాకాశమందలి రెటిక్యులమను మండలమున, వెలుగు హెచ్చుచు తగ్గుచు నుండు ఒక నక్షత్రమును ఆయన గుర్తించెను. 1872లో లండనులోని రాయల్ జ్యోతిశ్శాస్త్రసంఘమునకు సభ్యుడుగా ఎన్నికయ్యెను. 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా దాటిపోవు దృశ్యము రానున్నదని తెలిసి, అది దొరలకు మాత్రమే తెలిసి దేశీయులకు తెలియకుండుట తగదని, చిన్నపుస్తకము వ్రాసి ఆంగ్లముననే గాక దేశభాషలయందును ప్రకటించెను. పంచాంగములలో వ్రాసినదానికిని ఆకాశమున కనబడుదానికిని పొంతన లేకుండుట చూచి, కంటికి కనబడు గ్రహస్థితిననుసరించి గణించిన దృగ్గణితపంచాంగమును వెలువరించెను. 1880లో కీర్తిశేషుడయ్యెను.

గుంటూరు పేరు చెప్పి జాన్సెన్ కీర్తిని అరువు తెచ్చుకొనువారు వనపర్తి పేరెత్తరు. ఇదియే మేము చెప్పదలచిన సిగ్గు. నీడ పడుట మన ప్రజ్ఞ కాదు. చంద్రుడు ఎవని పొలముమీదనైనను పోవును. ఆ నీడలో దుర్బీనుకడ నిలిచి, చూచినది లెక్క వ్రాసి, తరువాత ఆ విద్యను తనవారి భాషలలోనికి తెచ్చినవాడు మన దేశపువాడు, మనలో నొకడు. నేడు గుంటూరు ఆంధ్రప్రదేశమునను, వనపర్తి తెలంగాణమునను ఉన్నవి. రెండు ప్రభుత్వములకును పాఠ్యపుస్తకసంఘములు కలవు. జాన్సెన్ చేసినది, లాక్యర్ చేసినది, రఘునాథాచారి చేసినది వేరువేరుగా, నిజముగా, ఒక్క పాఠమున వ్రాయించుటకు ఖజానా వట్టిపోవునా?

పాఠము చాలదు, చూపవలెను. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణగ్రహణపు నీడ మరల తెలుగునేలమీదుగా పోయెను. హైదరాబాదుకు చేరువనున్న జపాల్-రంగాపురములో ఉస్మానియా విశ్వవిద్యాలయపు నక్షత్రశాలకడ సూర్యుడు సుమారు రెండు నిమిషములు పూర్తిగా మరుగుపడెను. దానిని చూడ పరదేశపు శాస్త్రజ్ఞులు వచ్చిరి. ఆ సమయమున హైదరాబాదు వీధులు నిర్మానుష్యములై యుండెను. జనులు తలుపులు బిగించుకొని లోపల కూర్చుండిరి. కన్ను కాపాడుకొనుమనుట న్యాయమే. బింబము కొంచెమైనను బయట నున్నంతకాలము తగిన తెర లేక సూర్యుని చూచినవాని కన్ను చెడును. కాని కన్ను కాపాడుకొనుట వేరు, కన్ను మూసికొనుట వేరు. గోడమీద చిల్లికాగితముతో సూర్యుని నీడబొమ్మను పడవేసి నూరుగురు పిల్లలకు ఒకేసారి చూపవచ్చును. పనికిమాలిన పాటల సీడీపళ్లెమును, ఒక అట్టపెట్టెను చేర్చి వర్ణపటదర్శిని చేయవచ్చును; దీపపు మంటలో ఉప్పువేసి ఆ పసుపురేఖను పదేండ్ల పిల్ల తన కంటితో చూడవచ్చును. దీనికి పరదేశపు సొమ్మక్కరలేదు. జిల్లాపరిషత్తు పాఠశాలలో ఉత్సాహముగల యొక్క ఉపాధ్యాయుడు చాలును. అట్టివారు లేరని మే మనము, వారి కొక గంట కాలము విడిచిపెట్టువారు లేరందుము.

జాన్సెన్ గుంటూరులో ఆరంభించిన పని, చంద్రుని యక్కర లేకుండ సూర్యుని అంచును చూచు పని, నేటికిని నడుచుచున్నది. 1930 ప్రాంతమున ఫ్రాన్సులో బెర్నార్ లియో, దుర్బీనులోనే చిన్నబిళ్లను అడ్డుపెట్టి కృత్రిమగ్రహణమును కల్పించు యంత్రమును చేసెను. 1792లో నెలకొన్న మద్రాసు నక్షత్రశాల పని 1899లో కొడైకెనాలు కొండకు మారి, తరువాత బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థయై నిలిచినది. రఘునాథాచారి పనిచేసిన శాలకు వారసురాలగు ఆ సంస్థయే లియో మార్గమున ఒక యంత్రమును నిర్మింపగా, దానిని మోసికొని ఆదిత్య ఎల్-1 అను నౌక 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోటనుండి లేచి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్య చేరెను. ఆ మీదట 2024 డిసెంబరు 5వ తేదీన అదే శ్రీహరికోటనుండి ఐరోపావారి ప్రోబా-3 జంటనౌకలు ఎగిరినవి. అందొకటి 1.4 మీటర్ల బిళ్లతో సూర్యుని కప్పును. రెండవది 150 మీటర్ల వెనుక, సరిగా దాని నీడలో నిలిచి, చూచును. గుంటూరులో కొన్ని నిమిషములకు మించి దొరకని చీకటిని, ఆ జంట ఒక్కొక్కప్పుడు ఆరుగంటలు నిలుపునట్లు ఏర్పరచిరి.